‘సెట్ అవ్వలేదు’ అని ఇంగ్లీషులో రాయాలంటే ఏం రాయాలండి?

రాజోలు జిరాక్స్:
నమస్తే అండి అందరికీ. నాది రాజోలు పక్కన చిన్న జిరాక్స్ షాపు, ఆన్‌లైన్ పనులు కూడా చేస్తాను. మా వైపు కువైట్, మస్కట్, దోహా వెళ్లినోళ్లు ఎక్కువ కదా, ఆళ్ల కంపెనీలకి మెయిళ్లు కొట్టి పెట్టేది నేనే. ఆళ్లు తెలుగులో చెప్తారు నేను ఇంగ్లీషులో కొడతాను, అంతవరకు బానే ఉంది కానీ ప్రతి ఒక్కరూ ‘సెట్’ అనేసి చేతులు దులిపేసుకుంటారండి. ‘క్యాంపు నాకు సెట్ అవ్వలేదు, వేరే సైటుకి మార్చమని రాయి’ అంటాడు ఒకడు. ‘ఓవర్‌టైం డబ్బుల సంగతి సెట్ చేయమని రాయి’ అంటాడు ఇంకొకడు. నిన్నైతే ఒకాయన ‘చెయ్యి విరిగింది, ఇప్పుడు సెట్ అయిపోయింది, వచ్చే నెల డ్యూటీకి వచ్చేత్తానని రాసెయ్’ అన్నాడు. ఇంగ్లీషు మాటే కదా అని అలాగే పెట్టేస్తే అవతల మేనేజరుకి అర్థమవుద్దా? అసలు ఈ వెర్బుకి అర్థం ఏంటి, మనం వాడేవి అందులో ఉన్నాయా లేవా, తెలిసినోళ్లు చెప్పండి.

గోదారి గట్టు:
ఉద్యోగం సెట్, సంబంధం సెట్, బేరం సెట్, పులుసులో ఉప్పు సెట్. ఒక్క మాటతో జీవితం లాగించేత్తన్నాం ఆయ్. ఇప్పుడు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి పంపమంటే ఎలాగండి బాబూ, అది ఎప్పుడో మనూరొచ్చి ఇల్లరికం ఉండిపోయింది.

పాత మేష్టారు (అమలాపురం):
జిరాక్స్ గారూ, మంచి ప్రశ్న అడిగారు. ముందు ఈ మాట పుట్టుక చూడండి, సగం తేలిపోతుంది. ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. ఏదో గుర్తుండటానికి చెప్పే చిట్కా కాదిది, పాత ఇంగ్లీషులో ‘సిట్టన్’ అనే క్రియకి ఎదుటివాడి చేత చేయించే రూపమే ‘సెట్టన్’. మనం పడు అనేదానికి పడగొట్టు అని చివర్న తగిలిస్తాం, వాళ్లకి లోపల అచ్చు మారేది. ఫాల్ అంటే పడటం, ఫెల్ అంటే చెట్టుని పడగొట్టడం, అదీ ఈ బాపతే. కాబట్టి సెట్ అంటే దేన్నైనా ఒకచోట కదలకుండా పెట్టడం. అలారం సెట్ చేయడం, తేదీ సెట్ చేయడం, ధర సెట్ చేయడం, ఉంగరంలో రాయి సెట్ చేయడం (మనం పొదగడం అంటాం), అన్నీ అక్కణ్ణుంచే వచ్చాయి. సూర్యుడు సెట్ అవ్వడం కూడా, పొద్దు కిందికి దిగి కూర్చుంటుందన్నమాట.

ఇక మనవాళ్లు అనే ‘సెట్ అయ్యింది’లో ఎక్కువ భాగం ఒకటి ఇంకోదానికి సరిపడింది అనే అర్థం. ఆ అర్థంలో ఇంగ్లీషువాడు సెట్ అనడు. కొలత సరిపోతే ఫిట్, మనిషికి నప్పితే సూట్, రెండు వస్తువులకి జోడు కుదిరితే మ్యాచ్. చొక్కా భుజాల దగ్గర పట్టేస్తే ‘ఇట్ డజ్ నాట్ ఫిట్ మీ’, రంగు నప్పకపోతే ‘ఇట్ డజ్ నాట్ సూట్ మీ’, ప్యాంటుకి పొత్తు కుదరకపోతే ‘ఇట్ డజ్ నాట్ మ్యాచ్’. మూడింటికీ మనం సెట్ అవ్వలేదనే అంటాం.

మీ మొదటాయన ఉత్తరంలో సూట్ అని రాస్తే తప్పు లేదు గానీ, అది ఆయన ఇష్టాయిష్టాల గొడవలాగ కనపడుద్ది. ఏది పడలేదో అడగండి, నీళ్లా, గదిలో జనం ఎక్కువా, దుమ్ముకి ఆయాసమా. అడిగి అదే రాయండి, సెట్టూ వద్దు సూటూ వద్దు. రెండో ఆయనది సెటిల్. ‘ప్లీజ్ సెటిల్ మై ఓవర్‌టైమ్ పేమెంట్’ అంటే బాకీ తీర్చమని స్పష్టంగా ఉంటుంది.

డీఎస్సీ ప్రిపరేషన్:
మేష్టారండీ ఒక డౌటు. మరి పంపుసెట్టు, టీ సెట్టు, జనరేటర్ సెట్టు? అవి కూడా కూర్చోబెట్టడమేనా?

పాత మేష్టారు (అమలాపురం):
కాదమ్మా, అది వేరే మాట. జట్టు, గుంపు అనే అర్థంలో ఉన్న సెట్టు పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్ ‘సెక్టా’ ఉంది. మతంలో ‘సెక్ట్’ అంటామే, దాని చుట్టం. పలకడం ఒకటే అయ్యేసరికి రెండూ కలిసిపోయినట్టు కనపడతాయి.

గోదారి గట్టు:
ఎంసెట్లో సెట్ ఇంకో రకం లెండి, అది మా వాడికి ఎప్పటికీ సెట్ అవ్వలేదు.

సెంట్రింగ్ బాబు (భీమవరం):
అర్థాలు ఎక్కడెక్కడో ఎతకడం ఎందుకండి, సెట్ అంటే ఏంటో అసలైన ఇంగ్లీషు అర్థంతో రోజూ వాడేది మా సైట్లోనే. సిమెంట్ సెట్ అయ్యిందా అంటాం. నీళ్లు కలిపిన సిమెంట్ ముద్ద మెత్తదనం పోయి, వేలు పెడితే దిగకుండా బిగుసుకోవడమే సెట్టింగు. దీనికి టెస్టు ఉంది, వికాట్ అని ఒక చిన్న పరికరం, సూదిని ముద్దలోకి వదిలి ఎంత దిగిందో చూస్తారు. మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంట్‌కి ఇండియన్ స్టాండర్డ్ ప్రకారం బిగుసుకోవడం మొదలవ్వడానికి 30 నిమిషాల కంటే తక్కువ పట్టకూడదు, పూర్తిగా బిగుసుకోవడానికి 600 నిమిషాలు దాటకూడదు. ఆ మొదటి అరగంట ఎందుకంటే కలపాలి, మొయ్యాలి, పొయ్యాలి, తాపీతో సాపు చెయ్యాలి కదా. అందుకే ఫ్యాక్టరీలోనే సిమెంట్‌లో జిప్సం కలుపుతారు, లేకపోతే నీళ్లు తగలగానే అక్కడికక్కడే రాయైపోద్ది.

ఇందులో జనం పొరపడేది ఒకటుంది. సెట్ అవ్వడం వేరు, గట్టిపడటం వేరు. స్లాబ్ వేసిన సాయంత్రానికి మనిషి నిలబడితే దిగట్లేదు కాబట్టి సెట్ అయిపోయింది బాబూ, సెంట్రింగ్ తీసెయ్యండి, అద్దె పెరిగిపోతంది అంటారు ఇంటోళ్లు. బిగుసుకుంది అంతే, బలం ఇంకా రాలేదు. బలం లెక్క చూసేది 28 రోజులకి, ఈలోపు కనీసం 7 రోజులు నీళ్లు పెట్టి తడుపుతూ ఉండాలి. ఇంగ్లీషులో దీన్ని ‘హార్డెన్’ అంటారు, సెట్ అనరు. వర్షాకాలం తేమలో ఇంకో రోజు ఉంచుదామంటే వినేవోడేడి.

అంబాజీపేట అమ్మాయి:
వంటింట్లో కూడా ఇదే అర్థం ఉంటుందండి. నేను ఇంగ్లీషు వంటల వీడియోలు చూసి నేర్చుకున్నా. ‘లెట్ ఇట్ సెట్’ అన్నారంటే పలచగా ఉన్నది కదలకుండా ముద్ద కట్టేదాకా ఉంచమని. మనకి దీనికి ఒక్క మాట కాదు బోలెడున్నాయి, పెరుగైతే తోడుకుంది, నెయ్యైతే పేరుకుంది, పాకమైతే ముదిరి గట్టిపడింది, జున్ను ఆవిరి మీద గడ్డకట్టింది. అన్నిటికీ ఆళ్లది సెట్ ఒకటే. చలికాలం పొద్దున్నే నెయ్యి గిన్నె చూసి ‘ది ఘీ హాజ్ సెట్’ అనొచ్చు, కరెక్టే.

కానీ పులుసులో ఉప్పూ కారం సెట్ అయ్యాయి అంటే మాత్రం ఇంగ్లీషులో పులుసు ముద్దైపోయిందా ఏంటి అనుకుంటారు. రుచి సరిగ్గా కుదిరింది అన్నదానికి ‘ది సీజనింగ్ ఈజ్ జస్ట్ రైట్’ అంటే చాలు.

లంకల పిల్లోడు:
అక్కా మరి వరదనీళ్లు? శ్రావణంలో ఎర్రనీళ్లు బిందెలో పోస్తే అడుక్కి బురద దిగి పైన తేరుకుంటాయి కదా, మా నాన్నమ్మ చిల్లగింజ అరగదీసి కలిపేది ఇంకా తొందరగా తేరాలని. దాన్ని కూడా సెట్ అవ్వడమే అంటారా?

పాత మేష్టారు (అమలాపురం):
అనరు. అది సెటిల్. గాల్లో దుమ్ము, నీళ్లలో బురద, ఇంటి పునాది, కడుపులో తిప్పు, ఊళ్లో తగాదా, ఇవన్నీ సెటిల్ అవుతాయి. కదులుతున్నది నెమ్మదించి అడుక్కి చేరితే సెటిల్, మెత్తగా ఉన్నది బిగుసుకుంటే సెట్. బురద నీళ్లు సెట్ అయ్యాయంటే మొత్తం బిందె రాయైపోయినట్టు. ‘నిన్న కడుపు బాలేదు, ఇవాళ సెట్ అయ్యింది’ అని మనవాళ్లు లీవు మెయిల్లో రాస్తారు చూడండి, అక్కడ కూడా ‘సెటిల్డ్’ అనాలి, లేదా హాయిగా ‘ఐ యామ్ ఫీలింగ్ బెటర్’ అనేస్తే గొడవ లేదు.

కొత్తూరు సిస్టర్:
నేను ఆర్థో వార్డులో చేశాను కాబట్టి చెయ్యి విరిగినాయన సంగతి చెప్తా. డాక్టరు ‘ఐ సెట్ ది బోన్’ అంటే జరిగిపోయిన ముక్కల్ని లాగి వాటి స్థానంలో సరిగ్గా పెట్టి కట్టు వేశానని. అంటే అది మొదటి రోజు పని, ఆఖరి రోజు పని కాదు. ఎముక అతుక్కోవడానికి కూడా సెట్ అన్న వాడుక ఉంది గానీ కంపెనీ ఉత్తరంలో అలా రాస్తే చదివినోడికి కట్టు వేశారు అని అర్థమైనా అవ్వొచ్చు, అయ్యిందంటే ఇంకా రెండు నెలలు వద్దులే అంటాడు. ‘ది ఫ్రాక్చర్ హాజ్ హీల్డ్’ అని రాసి, డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని జత చెయ్యండి. సర్టిఫికెట్ లేకుండా ఎంత మంచి ఇంగ్లీషు రాసినా డ్యూటీ ఇవ్వరు.

రాజోలు జిరాక్స్:
అమ్మో థాంక్సండి సిస్టర్ గారు. ఆయన్ని రేపు రమ్మన్నాను, సర్టిఫికెట్ తెచ్చుకోమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను.

హేచరీ రాజు (తణుకు):
మాకు సెట్ అంటే గుడ్లు. నిజంగానండి. కోడి గుడ్ల మీద కూర్చోవడాన్ని ఇంగ్లీషు పల్లెటూళ్లలో సెట్ అనే అనేవోరంట, పొదుగు మీదున్న కోడిని ‘సెట్టింగ్ హెన్’ అంటారు. ఆ మాటే మిషన్ల మీదకొచ్చింది. హేచరీలో రెండు మిషన్లుంటాయి, గుడ్లు ముందు సెట్టర్‌లో పెడతాం, 18 రోజులు అందులో ఉంటాయి, ట్రేలు అటొకసారి ఇటొకసారి ఒరుగుతూ ఉంటాయి. తర్వాత హేచర్‌లోకి మారుస్తాం, అక్కడ ఒరగడం ఉండదు, 21వ రోజుకి పిల్లలు వచ్చేస్తాయి. ఈ వారం ఎన్ని గుడ్లు సెట్ చేశారు అని కంపెనీ వాళ్లు అడుగుతారు, కొత్తగా చేరిన కుర్రోళ్లు సెట్ చేయడం అంటే రిపేరు అనుకుని మిషన్ బానే ఉందండి అంటారు.

మేష్టారు చెప్పిన సిట్టూ సెట్టూ లెక్కకి ఇది బాగా అతికినట్టుంది, ఇక్కడ నిజంగానే కూర్చోవడం కదా.

పాత మేష్టారు (అమలాపురం):
ఇది నాకు తెలీదు రాజుగారూ, సెట్టర్ మిషన్ సంగతి. బాగుంది.

కొబ్బరితోట:
మా హార్టికల్చర్ వాళ్లు ‘ఫ్రూట్ సెట్’ అంటారండి, మీటింగుల్లో విని విని అలవాటైపోయింది. పూత పిందెగా నిలబడటం. మనం పిందె పట్టింది అంటాం కదా అదే. మామిడికి చూడండి చెట్టంతా పూతే ఉంటది, అందులో పిందె పట్టేది ఎంతో కొంచెం, పట్టిన పిందెల్లో కాయయ్యేది ఇంకా కొంచెం. కొబ్బరికైతే పిందె రాలుడు ఒక పెద్ద తలనొప్పి. కాబట్టి ‘ది ఫ్రూట్ హాజ్ సెట్’ అంటే కాయ పండిందని కాదు, పువ్వు స్థానంలో పిందె నిలబడిందని మాత్రమే.

ఇంకోటి, చెరుకు ముచ్చెల్ని కూడా సెట్స్ అంటారు, ఆఖర్లో టీ రెండుసార్లు రాస్తారు. నాటడానికి మూడు కళ్లుండేలా నరికిన ముక్క. అది వెర్బ్ కాదనుకోండి, షాపులో రైతులవి ఏమన్నా టైపు చేస్తే స్పెల్లింగ్ పనికొస్తుందని చెప్పా.

వెటకారం వెంకన్న:
ఇంతమంది ఇన్ని చెప్తున్నారు గానీ మన దగ్గరే ‘కుదిరింది’ అనే మాట ఉంటే సెట్ ఎందుకు తెచ్చుకున్నామో ఒక్కరూ అడగరే. సంబంధం కుదిరింది, బేరం కుదిరింది, కూర కుదిరింది, వీలు కుదర్లేదు, ఒళ్లు కుదుటపడింది. నీళ్లబిందె దొర్లకుండా కింద పెట్టే చుట్టని కుదురు అంటాం. వరి నాట్లలో చదరపు మీటరుకి ఇన్ని కుదుళ్లు అని అగ్రికల్చర్ వాళ్లు ఇప్పటికీ చెప్తారు. నిలకడగా ఉండే పిల్లోడు కుదురైన పిల్లోడు. ఇంత సొగసైన మాట మూలన పడేసి సెట్టు సెట్టు అని కొట్టుకుంటన్నాం.

డీఎస్సీ ప్రిపరేషన్:
వెంకన్న గారూ, మాట బాగుంది గానీ ‘వాడికీ నాకూ సెట్ అవ్వలేదు’ అన్నచోట ‘కుదర్లేదు’ అంటే ఏదో పెద్దలు మాట్లాడుకున్న సంబంధం తప్పిపోయినట్టుంటది. సెట్ అవ్వలేదంటే ఇద్దరం కలిసి నడవలేకపోయాం, ఎవరి తప్పూ కాదు అన్నట్టు తేలిగ్గా అయిపోద్ది. మా ఏజ్ వాళ్లకి అందుకే అది కావాలి. ఇంగ్లీషులో దీనికి ‘ఇట్ డిడ్ నాట్ వర్క్ అవుట్’ అంటారు, అదీ తేలిగ్గానే ఉంటుంది.

వెటకారం వెంకన్న:
సరేనమ్మా, అలాగైతే ఉంచుకోండి. కూరకి మాత్రం సెట్ అనకండి, మనసు చివుక్కుమంటది.

డీఎస్సీ ప్రిపరేషన్:
😀 సరే అండి. గ్రామర్ కూడా ఒకటి చెప్పేస్తాను, జిరాక్స్ గారికి టైపింగులో పనికొస్తుంది. సెట్‌కి పాస్ట్ కూడా సెట్టే, పార్టిసిపుల్ కూడా సెట్టే. ‘సెట్టెడ్’ అని లేదు, చాలామంది రాసేస్తారు. కట్, పుట్, హిట్, షట్, లెట్ అన్నీ ఆ కుటుంబమే. ‘హి సెట్స్’ అని ఎస్ ఉంటే రోజూ చేసేది, ‘హి సెట్’ అని ఎస్ లేకుండా ఉంటే అయిపోయింది. ఆ ఒక్క అక్షరమే తేడా. ఐఎన్‌జీ చేర్చితే టీ రెండుసార్లు పడుద్ది.

తర్వాత పక్కన చిన్న మాట చేరితే అర్థం ఎగిరిపోద్ది. ‘సెట్ అప్’ ఏర్పాటు చేయడం, షాపు పెట్టడం, కానీ ‘దే సెట్ మీ అప్’ అని మనిషిని మధ్యలో పెడితే నన్ను ఇరికించారు అని. కంపెనీ ఉత్తరంలో చాలా జాగ్రత్త. ‘సెట్ ఆఫ్’ బయల్దేరడం, బాంబులు పేల్చడం కూడా. ‘సెట్ ఇన్’ అంటే వచ్చి తిష్టవేయడం, వానలకీ చలికీ వాడతారు, జూన్ 1 ప్రాంతంలో కేరళలో రుతుపవనం దిగుతుందే అలాంటిదానికి, గాయంలో ఇన్ఫెక్షనుకి కూడా. సంతోషం సెట్ ఇన్ అయ్యిందని మాత్రం ఎక్కడా చూళ్లేదు. ‘ఐ యామ్ ఆల్ సెట్’ అంటే నేను రెడీ. ‘హి ఈజ్ సెట్ ఫర్ లైఫ్’ అంటే వాడికి జీవితానికి సరిపడా డబ్బుంది, మనం ‘వాడు సెట్ అయిపోయాడ్రా’ అంటామే దాదాపు అదే, ఇది ఒక్కటి మాత్రం మనదీ ఆళ్లదీ కలిసింది.

పాత మేష్టారు (అమలాపురం):
క్రికెట్‌లో కూడా కలిసింది. ‘వెల్ సెట్ బ్యాట్స్‌మన్’ అంటే క్రీజులో కుదురుకున్నవాడు. ఇక డిక్షనరీ సంగతి చెప్తే మీరు బెదిరిపోతారు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ రెండో ఎడిషన్లో అన్నిటికన్నా పొడుగైన పద్దు ఈ సెట్ క్రియదే, 430 అర్థాలు, సుమారు 60,000 మాటలు. తర్వాత కొత్త ఎడిషన్ పనిలో ‘రన్’ దాన్ని దాటేసింది, 645 అర్థాలు. అన్నీ నేర్చుకోవాలని ఎవరూ కూర్చోరు, సందర్భం పట్టుకుంటే చాలు.

ముమ్మిడివరం రైతు:
పెద్దలందరూ ఉన్నారు కాబట్టి నాదీ ఒకటి అడుగుతాను. పొలం గట్టు తగాదాలో కింది కోర్టులో మాకు వ్యతిరేకంగా వచ్చింది, పైకి అప్పీలు వేశాం. ఇప్పుడు ఆర్డరొచ్చింది. అందులో ‘ది ఇంప్యూన్డ్ ఆర్డర్ ఈజ్ సెట్ ఎసైడ్’ అని ఉంది. మా తమ్ముడు చదివి పక్కన పెట్టేశారంట, ఇంకెప్పుడు చూస్తారో అని నీరసపడిపోయి కూర్చున్నాడు. లాయరు గారు ఊళ్లో లేరు.

డీఎస్సీ ప్రిపరేషన్:
సెట్ ఎసైడ్ అంటే పక్కన ఉంచడమే కదండి, డబ్బులు సెట్ ఎసైడ్ చేశాను అంటే విడిగా దాచానని.

గుమాస్తా (కాకినాడ):
డబ్బులకి అది నిజమే, కోర్టు భాషలో కాదు. కోర్టు సెట్ ఎసైడ్ అన్నదంటే ఆ ఆర్డరు కొట్టేసినట్టు, చెల్లదన్నట్టు. ఇంప్యూన్డ్ ఆర్డర్ అంటే మీరు సవాలు చేసిన ఆర్డరు, అంటే కింది కోర్టుది. కాబట్టి రైతు గారూ, మీకు వ్యతిరేకంగా వచ్చిందే పోయింది, మీ తమ్ముణ్ణి లేపండి. పేపర్లలో కూడా జీవో సెట్ ఎసైడ్ అని ఇంగ్లీషులో వస్తే తెలుగు పేపరోళ్లు జీవో కొట్టివేత అని రాస్తారు చూడండి, అదే.

అయితే తొందరపడి గట్టు జరిపెయ్యకండి. ఆర్డరు ఆఖరి పేరా చూడండి, ‘రిమాండెడ్’ అన్న మాట ఉందా?

ముమ్మిడివరం రైతు:
ఉందండి. ‘రిమాండెడ్ ఫర్ ఫ్రెష్ డిస్పోజల్’ అని ఉంది. రిమాండ్ అంటే జైలు కదండీ??

గుమాస్తా (కాకినాడ):
జైలు మనిషికండి బాబూ, కేసుకి కాదు. మళ్లీ విని తేల్చమని కేసుని కింది కోర్టుకి తిరిగి పంపారు. అంటే పాత తీర్పు పోయింది, కొత్త తీర్పు ఇంకా రాలేదు. ఈలోపు గట్టు ఎలా ఉందో అలాగే ఉంచండి, అవతలోళ్లు కదిపితే ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు పొద్దున్నే సర్టిఫైడ్ కాపీకి అప్లై చేసి, కింది కోర్టులో ఏ తేదీకి హాజరవ్వమన్నారో అదే పేరాలో ఉంటది, రాసుకోండి. తేదీ లేకపోతే మీ లాయరు గారికి ఈ రాత్రే ఫోన్ చెయ్యండి.